డీజిల్ లెక్క అడిగితే డ్రైవర్ బాబాయ్ తాళాలు పెట్టేసి వెళ్ళిపోయాడు, ఇప్పుడేం చెయ్యాలి?

ఈసారి ఉత్తరం విజయవాడ నుంచి వచ్చింది. రాసిన తమ్ముడికి ముప్పై ఒక్క ఏళ్ళు, పేరు వద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. ఏడు పేజీల ఉత్తరం, మొత్తం ఇక్కడ పెట్టలేను, ముఖ్యమైనవి నా మాటల్లో చెప్తాను.

వాళ్ళ నాన్నగారు 1991లో ఫైనాన్స్ మీద మొదటి లారీ కొన్నారు. ఇప్పుడు మూడు బండ్లున్నాయి, మూడూ పది టైర్లవే, ఒకటి 2013 మోడల్, ఒకటి 2018, ఒకటి 2021. బీటెక్ చదివి ఉద్యోగం చేస్తున్న ఈ తమ్ముడు కరోనా టైంలో ఇంటికొచ్చి బండ్ల పని చూసుకోవటం మొదలుపెట్టాడు. ఎక్కువగా హైదరాబాద్ లైనే. ఒక పెద్ద కంపెనీ గోడౌన్‌లో సరుకు ఎత్తి అక్కడ దింపటం, రిటర్న్ లోడ్ దొరికితే వేసుకోవటం, దొరక్కపోతే ఖాళీగా వచ్చేయటం. బండికి నెలకి పది ట్రిప్పులు పడితే నాలుగు సార్లు ఖాళీగానే వస్తున్నాయట.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో వీళ్ళ ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్ళొచ్చాయి. అప్పటికి భార్యకి ఏడో నెల. మూడు రోజులు మేడ మీదే ఉండి, పడవ వస్తే బయటపడ్డారు. ఇంటి పక్క స్థలంలో ఆపిన 2018 బండి ఇంజన్‌లోకి నీళ్ళెళ్ళి రెండు నెలలు షెడ్డులో ఉండిపోయింది. ఆ రోజుల్లో ఒక రాత్రి ఆవిడ, "టీవీలో వేడి పెరగటం వల్లే ఇలాంటి వానలంటున్నారు, మన బండ్ల పొగ కూడా దాంట్లో ఉంటుంది కదా" అందట. తిట్టలేదు, మామూలుగానే అంది, కానీ ఆ మాట అప్పట్నుంచి తనని వదల్లేదని రాశాడు.

ఇంతలో కంపెనీ నుంచి ఒక ఫామ్ వచ్చింది. ఏడాదిలో ఎన్ని లీటర్ల డీజిల్ పోశారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎన్ని టన్నులు మోశారు, అందులో ఖాళీగా తిరిగింది ఎంత అని. నాన్నగారు చూసి "ముప్పై ఏళ్ళు ఎండనకా వాననకా సరుకు చేర్చినోడిని ఇప్పుడు పొగ లెక్క అడుగుతార్రా" అన్నారు. కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ చూసే ఆయన ఫోన్ చేసి "ఏదో ఒక నంబర్ వేసి పంపండి, అందరూ అలానే వేస్తున్నారు" అన్నాడట. ఈ తమ్ముడికి అలా వెయ్యటం ఇష్టం లేదు. సరైన లెక్క కావాలని ఎవరికీ చెప్పకుండా 2013 బండి ట్యాంకుకి సెన్సర్ పెట్టించాడు. నెల తిరక్కుండానే ఒక రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు ముప్పై లీటర్లు తగ్గినట్టు చూపించింది. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ ఇంట్లో పనిచేస్తున్న డ్రైవర్‌ని, చిన్నప్పట్నుంచి బాబాయ్ అని పిలిచే మనిషిని, క్లీనర్ ముందే "ఈ ముప్పై ఏమయ్యింది" అని అడిగేశాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా తాళాలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. బండి పన్నెండు రోజులుగా ఆగే ఉంది. నాన్నగారు కొడుకుతో మాట్లాడటం లేదు.

అడిగినవి ఇవీ. ఫామ్‌లో నిజం వెయ్యాలా, అందరిలా వెయ్యాలా? 2013 బండి అమ్మేసి కొత్తది గానీ ఎలక్ట్రిక్ గానీ తీసుకుంటే ఈ పొగ భారం తగ్గుతుందా? బాబాయ్‌ని, నాన్నని ఎలా కలుపుకోవాలి? చివర్లో చిన్నగా ఇంకోటి రాశాడు, "అసలు ఈ పనిలో ఉండటమే తప్పేమో అనిపిస్తోంది అక్కా" అని.

తమ్ముడూ, ఆ చివరిదాంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే కూర్చున్నాయి.

నీ మూడు లారీలు బుడమేరు వరద తేలేదు. ఆ రోజు ఒకేసారి పడిన వాన, బుడమేరు కట్టలకి పడిన గండ్లు, ఏళ్ళ తరబడి వాగు దారి ఇరుకైపోవటం, అదే టైంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం ఉండటం, ఇన్ని కలిసి ముంచాయి. అలాగని సంబంధమే లేదని కూడా నేను చెప్పను, చెప్తే నీకు అబద్ధం చెప్పినట్టే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, పట్టుకున్నది ఎక్కడో ఒకచోట కుమ్మరిస్తుంది, ఆ వేడికి కారణమైన కార్బన్ డయాక్సైడ్‌లో డీజిల్ వాటా ఉంది, డీజిల్‌లో లారీల వాటా పెద్దదే. రోడ్డు మీద తిరిగే బండ్లలో లారీలు నూటికి మూడో నాలుగో ఉంటాయి గానీ రోడ్డు రవాణా నుంచి వచ్చే కార్బన్‌లో మూడో వంతు పైగా వీటిదే. కానీ దేశంలో నూటికి డెబ్బై వంతుల సరుకు రోడ్డు మీదే కదులుతోంది. నువ్వు రేపు మూడు బండ్లూ అమ్మేస్తే ఆ కంపెనీ సరుకు ఆగదు, ఇంకెవరి బండో ఎత్తుకుంటుంది, అది నీ బండి కన్నా పాతదైనా కావచ్చు. కాబట్టి మానెయ్యటం అనే దారి నీ మనసుకి కొంత తేలికనిస్తుందేమో గానీ గాలికి ఏమీ ఇవ్వదు. నీకు ఈ పని నచ్చక మానేస్తే అది వేరే విషయం, అది ఇంకో ఉత్తరంలో రాయి, దానికీ సమాధానం ఇస్తాను.

ఇప్పుడు లెక్క. నీ ఉత్తరంలో నాకు చాలా పనికొచ్చిన లైను ఒకటుంది, బండి లీటరుకి ఫుల్ లోడ్‌తో నాలుగు కిలోమీటర్లు, ఖాళీగా ఐదున్నర ఇస్తుంది అని. దాంతోనే కూర్చుని వేశాను, నువ్వూ పక్కన కాగితం పెట్టుకో.

ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ బరువే కిలో ఉండదు కదా ఇంత ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు, డీజిల్‌లో ఉన్న కార్బన్ కాలేటప్పుడు గాలిలోంచి ఆక్సిజన్ లాక్కుని కలుపుకుంటుంది, ఆ బరువు కూడా చేరుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌ 270 కిలోమీటర్లు అనుకుందాం, లోడ్‌తో వెళ్తే 67 లీటర్లు, అంటే 182 కిలోల దాకా. ఖాళీగా తిరిగొస్తే 49 లీటర్లు, ఇంకో 132 కిలోలు. నువ్వు మోసేది 18 టన్నులు అన్నావు. రెండు వైపులా లోడ్ ఉంటే టన్ను సరుకుని ఒక కిలోమీటరు మోయటానికి 38 గ్రాములు పడుతుంది. ఖాళీగా వస్తే ఆ వచ్చిన డీజిల్ కూడా వెళ్ళిన సరుకు మీదే పడుతుంది కాబట్టి అదే లెక్క 65 గ్రాములవుతుంది. బండి అదే, డ్రైవర్ అదే, రోడ్డు అదే, టన్ను కిలోమీటరుకి పొగ మాత్రం దాదాపు డెబ్బై శాతం ఎక్కువ, కేవలం రిటర్న్ లోడ్ లేనందుకు! ఇది చూశాక నాకు అనిపించింది, నువ్వు తగ్గించగలిగే పొగలో పెద్ద ముక్క నువ్వు అనుకుంటున్నట్టు పాత ఇంజన్‌లో లేదు, నెలలో ఆ నాలుగు ఖాళీ ట్రిప్పుల్లో ఉంది అని.

ఒక్క జాగ్రత్త చెప్పాలి ఇక్కడ, లేకపోతే రేపు లెక్క చూసి కంగారు పడతావు. ఖాళీగా వచ్చే బండికి లోడ్ వేస్తే నీ డీజిల్ తగ్గదు, 49 నుంచి 67కి పెరుగుతుంది. మొత్తం లీటర్లు మాత్రమే చూస్తే నువ్వు ఇంకా చెడ్డగా కనిపిస్తావు. కానీ ఆ సరుకు కోసం ఇంకో బండి 67 లీటర్లు కాల్చాల్సిన పని తప్పింది. అందుకే టన్ను కిలోమీటరుకి ఎంత అన్న లెక్క ఉంది. ఫామ్‌లో టన్నులు, ఖాళీ కిలోమీటర్లు విడిగా అడిగింది అందుకే, అది నిన్ను పట్టుకోటానికి పెట్టిన గడి అనుకోకు, నీ పనితనం కనపడేది కూడా ఆ గడిలోనే.

ఏడాది మొత్తానికి కూడా చెప్పేస్తాను, నువ్వు అడిగావు కాబట్టి. పది ట్రిప్పుల్లో నాలుగు ఖాళీ అనుకుంటే ఒక్కో బండి ఏడాదికి 15,000 లీటర్ల పైన తాగుతోంది, 41 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మూడూ కలిపితే 120 టన్నుల పైమాటే. మన దేశంలో మనిషికి సగటున ఏడాదికి రెండు టన్నులు, అంటే అరవై మంది వాటా. చిన్న సంఖ్యేం కాదు, దాచుకోవాల్సిన సంఖ్య కూడా కాదు, ఎందుకంటే ఆ బండ్లు మోసిన సరుకు తిన్నది, కట్టుకున్నది, ఇంటికి వేసుకున్నది అరవై మంది కన్నా చాలా చాలా ఎక్కువమంది.

ఫామ్‌లో ఏం వెయ్యాలి అన్నదానికి వస్తే నీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, అందరిలా ఏదో ఒకటి వేసెయ్యటం. ఈ ఏడాది గడిచిపోతుంది, నాన్న సంతోషిస్తారు. కానీ ఈ ఫామ్ ఊరికే రాలేదు, స్టాక్ మార్కెట్లో లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలకి 2022-23 నుంచి సెబీ (స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ) ఒక రిపోర్టు తప్పనిసరి చేసింది, బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు. తమ సొంత ఫ్యాక్టరీల పొగ అందులో రాయాలి, తమ కోసం బయటివాళ్ళ బండ్లు వదిలే పొగ కూడా లెక్క తీసి చూపించే కంపెనీలు పెరుగుతున్నాయి, దాన్ని స్కోప్ త్రీ అంటారు. అంటే ఈ ఫామ్ వచ్చే ఏడాదీ రావచ్చు, ఆపై ఏడాదీ. ఇవాళ తక్కువ చేసి దొంగ నంబర్ వేశావనుకో, రేపు నువ్వు నిజంగా కష్టపడి తగ్గించినా కాగితం మీద పెరిగినట్టు కనిపిస్తుంది. నీ కష్టం నీ అబద్ధంలోనే మునిగిపోతుంది. పైగా బిల్లులు చూపించమంటే ఏం చేస్తావు?

రెండోది, అసలు పంపకపోవటం. నాన్నగారు కోరుకునేది ఇదేననుకుంటాను. మీ నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్న పేరుకి కంపెనీ వెంటనే తీసెయ్యదు, కానీ లెక్క ఇచ్చేవాడు దొరికితే మెల్లగా లోడ్లు అటు పోతాయి. మూడోది నిజం ఇవ్వటం. నేనైతే దీనికే మొగ్గుతాను, కానీ ఎలా ఇవ్వాలో చెప్తాను. కార్బన్ ఎన్ని కిలోలు అని నువ్వు వెయ్యకు, లీటర్లు, కిలోమీటర్లు, టన్నులు, ఖాళీ కిలోమీటర్లు ఇవ్వు, అంతే. డీజిల్ తవ్వి శుద్ధి చేసి పంపు దాకా తెచ్చేటప్పుడు అయ్యే పొగ కలపాలా వద్దా అన్నది వాళ్ళ పద్ధతిని బట్టి మారుతుంది, అది వాళ్ళే వేసుకుంటారు. పంపు బిల్లులు లేని నెలలుంటే ఆ నెలలకి అంచనా అని పక్కన రాసెయ్, అంచనా అని రాయటం తప్పు కాదు, అంచనాని బిల్లులా చూపించటం తప్పు.

ఇంకొక గడి నువ్వే సొంతంగా కలుపు, వెయిటింగ్ గంటలు. వాళ్ళ హైదరాబాద్ గోడౌన్ గేటు దగ్గర ఒక్కోసారి తొమ్మిది గంటలు లైన్లో నిలబెడుతున్నారని రాశావు. ఆ లైన్లో ఇంజన్ ఆపి ఉంచలేరు, బండి బండికీ ముందుకి జరుపుతూ ఉండాలి, ఈ సైజు ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి రెండు లీటర్ల దాకా తాగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది, నువ్వు రాసిన టైములు వరసగా పెట్టి చూస్తే నాకు అర్థమైంది, సాయంత్రం ఇక్కడ బయల్దేరిన బండి హైదరాబాద్ ముందొచ్చే పంతంగి టోల్ తెల్లారకముందే దాటేస్తోంది, కానీ అన్‌లోడింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతోంది, అప్పటికి హైదరాబాద్ ఆటోనగర్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో ఆ రోజు లోడ్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోయుంటున్నాయి, ఇంకో రోజు ఆగితే బత్తా, ఈఎంఐ, అవతల విజయవాడలో ఎల్లుండి లోడ్ తప్పిపోతుందేమో అన్న భయం, దాంతో ఖాళీగా వచ్చేస్తున్నారు. అంటే నీ ఖాళీ ట్రిప్పుల్లో కొన్ని ఆ కంపెనీ గేటు దగ్గరే పుడుతున్నాయి. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పే చోటు లేదు, ఇప్పుడు వాళ్ళే పొగ లెక్క అడుగుతున్నారు, చెప్పటానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు. "మాకు ఉదయం అన్‌లోడింగ్ స్లాట్ ఖాయం చెయ్యండి, ఖాళీ ట్రిప్పులు నెలకి నాలుగు నుంచి రెండుకి తెస్తాను" అని ఫామ్‌తో పాటు మర్యాదగా ఒక ఉత్తరం పెట్టు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటే వాళ్ళ నంబరూ తగ్గుతుంది, నీకు కిరాయీ వస్తుంది. ఒప్పుకోకపోతే కనీసం ఆ పొగ ఎవరి లైన్లో పుట్టిందో కాగితం మీద ఉంటుంది.

ఇక పాత బండి అమ్మటం. ఇక్కడ నువ్వు రెండు వేర్వేరు పొగల్ని ఒకటి చేసి ఆలోచిస్తున్నావు, చాలామంది చేసే పొరపాటే. 2013 బండి గేరు మార్చినప్పుడు వెనకాల నల్లగా వచ్చేది మసి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, రోడ్డు పక్క టీ కొట్టువాడికి, వెనక వచ్చే బైకువాడికి అది నిజమైన హాని. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ సిక్స్ బండ్లలో, అంటే పొగ మీద కొత్త నియమాల ప్రకారం చేసినవాటిలో, మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గుతాయి, యూరియా పోసేది అందుకే, డీజిల్‌లో గంధకం కూడా పది పీపీఎమ్‌కి దించారు. కానీ నీ భార్య అన్న పొగ, అంటే భూమిని వేడెక్కించేది, కంటికి కనపడదు, దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరు డీజిల్ పాత బీఎస్ త్రీ బండిలో కాలినా బీఎస్ సిక్స్‌లో కాలినా వచ్చేది ఆ 2.7 కిలోలే. కొత్త బండి మైలేజ్ ఎంత ఎక్కువిస్తే అంతే తగ్గుతుంది. కాబట్టి ఊళ్ళోవాళ్ళ ఊపిరి కోసం అమ్ముతానంటే నేను సరే అంటాను. వేడి కోసమే అయితే కొత్త బండి ఈఎంఐ కట్టలేక ఓవర్‌లోడ్ వేసి రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పే పరిస్థితి వస్తే మొదటికే మోసం వస్తుంది. బండి పాతబడేకొద్దీ ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఫీజు పెరుగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ నిర్ణయం తీసుకోవాలి. ఈలోపు ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ చూపించి, ఆ బండిని హైదరాబాద్ లైన్ నుంచి తీసి దగ్గర లైన్లకి వాడుకోవచ్చేమో నాన్నతో మాట్లాడు.

ఎలక్ట్రిక్ గురించి ఆశగా రాశావు, ఆ ఆశ నాకు నచ్చింది, కానీ పెద్ద బండికి ఇంకొంచెం ఆగమంటాను. పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం కింద 2025 జులైలో ఎలక్ట్రిక్ లారీలకి కేంద్రం సాయం ప్రకటించింది, బండిని బట్టి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా, దానికి పాత బండి స్క్రాప్ చేసిన సర్టిఫికెట్ ఉండాలి. బాగానే ఉంది, కానీ పెద్ద ఎలక్ట్రిక్ లారీ ధర డీజిల్ బండికి రెండు మూడింతలు ఉంటోంది, మూడు బండ్ల ఇంటికి అది తలకి మించిన భారం, దారిలో ఎక్కడైనా ఛార్జింగ్ దగ్గర ఇరుక్కుంటే రోజు పోతుంది. మరి చిన్నదాని సంగతి చూడు. అదే కంపెనీ విజయవాడ సిటీలో షాపులకి సరుకు వెయ్యటానికి కూడా మనుషుల్ని వెతుకుతోందన్నావు కదా. ఎలక్ట్రిక్ మూడు చక్రాల లోడర్ ఒకటి రోజుకి వంద కిలోమీటర్లు తిరిగితే సుమారు పది యూనిట్లు, డీజిల్ ఆటో అదే దూరానికి నాలుగు లీటర్లు. ఖర్చు తేడా నీకు నేను చెప్పక్కర్లేదు. పొగ మాత్రం సున్నా అనుకోకు, మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్ గొట్టాలు మీ మేడ ఎక్కితే కనిపిస్తాయో లేదో గానీ ఆ ఛార్జింగ్‌కి అయ్యే పొగ కొంత అక్కడే వస్తుంది. ఇప్పటి మన దేశపు లెక్కలో యూనిట్ కరెంటుకి 0.7 కిలోలు వేసుకుంటే పది యూనిట్లకి ఏడు కిలోలు, డీజిల్ ఆటోకి పదకొండు. తేడా ఉంది, పెద్ద అద్భుతం లేదు, కాకపోతే సోలార్ పెరిగేకొద్దీ ఆ ఏడు తగ్గుతూ వస్తుంది, డీజిల్ పదకొండు ఎప్పటికీ పదకొండే.

నిజానికి డబ్బు పెట్టకుండా దొరికేది ఇంకా ఉంది. మా పెదనాన్నకి ఒక లారీ ఉండేది, చిన్నప్పుడు సెలవల్లో సూర్యాపేట దాకా క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. బండి ఆపగానే టీ కన్నా ముందు చిన్న ఇనప చువ్వ తీసుకుని ఒక్కో టైరునీ కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. గాలి నిండుగా ఉన్న టైరు టంగుమని ఎగరగొడుతుంది, గాలి తగ్గినది డబ్బుమని మెత్తగా మింగేస్తుంది. కళ్ళు మూసుకుని చెప్పేవాడు లోపలి టైరు చూడాలిరా అని. ఇప్పుడు గేజీలున్నాయి, మంచిదే, టైరులో గాలి ఒత్తిడి పది పీఎస్ఐ తగ్గితే ఒక శాతం దాకా డీజిల్ ఎక్కువవుతుంది. నీ ఒక్క బండికే ఏడాదికి 150 లీటర్లు, 400 కిలోల కార్బన్. హైవే మీద ఎనభై కొట్టకుండా అరవైలో పోనివ్వటం, ముందు ఎర్ర లైట్లు చూసి ముందే కాలు తీసెయ్యటం, ఇవన్నీ మంచి డ్రైవర్ కాళ్ళలో ఉంటాయి, ఏ సెన్సరూ వాటిని నేర్పదు.

అందుకే ఇప్పుడు బాబాయ్ దగ్గరికి వస్తున్నాను.

ఆ ముప్పై లీటర్లు ఏమయ్యాయో నాకు తెలీదు, నీకూ తెలీదు. పాత ట్యాంకులో సెన్సర్, బండి ఒక పక్కకి వాలి ఆగితే డీజిల్ పక్కకి జరిగి తక్కువ చూపిస్తుంది, తెల్లారి చదునుగా పెడితే మళ్ళీ పైకి వస్తుంది. నీ రిపోర్టులో పొద్దున్న మళ్ళీ పెరిగిందా లేదా చూశావా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, ముందు అది చూడు. పెరిగి ఉంటే నువ్వు పెద్ద తప్పు చేశావు. పెరగకపోతే ఆయన తీసి ఉండొచ్చు, లైన్లో డ్రైవర్లు డీజిల్ మిగుల్చుకుని అమ్ముకోవటం కొత్తేం కాదు, నాన్నగారికి కూడా తెలిసే ఉంటుంది, బత్తా తక్కువైన చోట దాన్ని చూసీ చూడనట్టు వదిలేసే ఓనర్లు ఎంతమందో. అది సరే అనట్లేదు. కానీ ఆయనకి తెలియకుండా మిషన్ పెట్టి, చిన్నవాడి ముందు అడిగావు తమ్ముడూ. నువ్వు పొగ లెక్క కోసం పెట్టావు, ఆయనకి మాత్రం అది దొంగ లెక్కలా తగిలింది. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా యాక్సిడెంట్ చెయ్యలేదని నువ్వే రాశావు.

ఇక్కడ కూడా దారులు చెప్తాను, ఎంచుకోవాల్సింది నువ్వు. కొత్త డ్రైవర్‌ని పెట్టుకోవచ్చు, దొరకటం కష్టమే, దొరికినా నాలుగు ఇచ్చే బండి మూడున్నర ఇస్తే నువ్వు సెన్సర్‌తో మిగిల్చేదంతా అక్కడే పోతుంది. మూడున్నరకి దిగితే హైదరాబాద్ ఒక్క వైపుకే పది లీటర్లు ఎక్కువ, వేసి చూసుకో. రెండోది, ఏమీ జరగనట్టు నాన్నగారి చేత ఫోన్ చేయించి పిలిపించుకోవటం, ఆయన వచ్చేస్తారు బహుశా, కానీ మధ్యలో ఆ మాట అలాగే ఉండిపోతుంది, సెన్సర్ తీసేస్తే నీ లెక్క పోతుంది, ఉంచితే ఆయన మనసు పోతుంది. మూడోది కొంచెం కష్టం. నువ్వే వెళ్ళి, క్లీనర్ ముందు అన్నమాట కాబట్టి క్లీనర్ని కూడా తీసుకెళ్ళి, చెప్పకుండా పెట్టటం తప్పయిపోయింది బాబాయ్ అనటం. తర్వాత లెక్క ఎందుకో ఆయనకి చెప్పటం, వరద సంగతి, ఫామ్ సంగతి, ఖాళీ ట్రిప్పుల సంగతి, మొత్తం. సెన్సర్ ఉంచితే మూడు బండ్లకీ ఉంచు, ఆ స్క్రీన్ డ్రైవర్ల ఫోన్లలో కూడా కనిపించాలి, మిగిలిన డీజిల్ డబ్బులో సగం వాళ్ళకి నెలనెలా చేతికి ఇవ్వు. లీటరు 97 రూపాయలు అనుకుంటే టైరు గాలి, నడిపే తీరు కలిపి నెలకి యాభై లీటర్లు మిగిలినా ఆయనకి రెండు వేల నాలుగు వందలు వస్తాయి, దొంగచాటుగా పంపు వెనకాల అమ్ముకుంటే వచ్చేదానికన్నా గౌరవంగా. ఇది చేస్తే నీ లాభంలో సగం పోతుంది, ఓనర్‌వి కాబట్టి మొదట్లో కష్టంగా ఉంటుంది, తెలుసుకునే చెయ్యి.

నాన్నగారి విషయంలో నేను పెద్దగా చెప్పక్కర్లేదనుకుంటాను, ఆయన కోపం ఫామ్ మీద కాదేమో అని నా అనుమానం. ముప్పై ఏళ్ళు చేసిన పనిని ఎవరో నాలుగు గడుల్లో తప్పుగా చూపిస్తున్నారని బాధపడుతున్నారు. ఆయన్ని ఒప్పించటానికి వాతావరణం గురించి వీడియోలు చూపించకు. రిటర్న్ లోడ్ల పని ఆయన చేతిలో పెట్టు. హైదరాబాద్ ఆటోనగర్‌లో ఏ ఆఫీసులో ఎవరు కూర్చుంటారో, ఎవరి మాట మీద లోడ్ ఆపి ఉంచుతారో నీకు ఏ యాప్ చెప్పదు, ఆయన ఫోన్‌లో ఉంది అదంతా. "నాన్నా, నెలకి రెండు ఖాళీ ట్రిప్పులు తగ్గించి పెట్టు, ఎలా చేస్తావో నీ ఇష్టం" అను. కిరాయి కొంచెం తక్కువైనా నెలనెలా ఖాయంగా వచ్చే లోడ్ ఆయన మాట మీద దొరికే అవకాశం ఉంది.

ఉత్తరం ఐదో పేజీలో నువ్వు ఊరికే ఒక మాట రాసి వదిలేశావు, బాబాయ్ సీటు వెనకాల ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది, పంపు దగ్గర ఆగినప్పుడల్లా దాంట్లో ఏదో రాసుకుంటాడు, ఎప్పుడూ అడగలేదు అని. నేను ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా పెదనాన్న కూడా అలాగే రాసేవాడు, తేదీ, పంపు ఊరు, లీటర్లు, మీటర్ రీడింగ్. బాబాయ్ కూడా అవే రాస్తుంటే నువ్వు ఫామ్ కోసం వెతుకుతున్న ఏడాది లెక్క ఆయన చేతిరాతలో ఇప్పటికే ఉన్నట్టే, సెన్సర్ పెట్టకముందు నుంచీ. వెళ్ళినప్పుడు నాన్నని కూడా తీసుకెళ్ళు, క్షమాపణ అయ్యాక ఆ నోట్‌బుక్ ఒకసారి చూపిస్తావా బాబాయ్ అని అడుగు. ఆయన ఇస్తే ఫామ్ ఆయన పక్కన కూర్చునే నింపు.